పిక్కిలి మేడ మీద బూడిద గుమ్మడికాయ

"ప్యాకెట్ పోయింది, ప్యాకెట్ పోయింది అంటారు కదా సార్, పోయి ఎక్కడికి పోతుంది?"

రిటైరైన తర్వాత ఒకసారి మా కాలేజీ నెట్‌వర్క్ ల్యాబుకు వెళ్తే, కొత్తగా చేరిన ఒక అమ్మాయి నన్ను అడిగిన ప్రశ్న ఇది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఆ కాలేజీలో వైర్లు లాగాను. పోయిన ప్యాకెట్ ఎక్కడికి పోతోందో కళ్లారా చూసింది మాత్రం ఒక్క రోజే. చూసి, దాన్ని నాలుగు రోజులు దాచిపెట్టాను కూడా. ఆ సంగతే మీలాంటి కొత్తవాళ్ల కోసం రాస్తున్నాను. తమిళనాడులో ఉన్న మన పక్క చాలామందికి తెలుగు ఇంట్లో మాటే తప్ప అక్షరం రాదు. చదవగలిగినవాళ్లు చదివి, రానివాళ్లకు చెప్పండి.

నేనూ అలాంటి ఇంటివాణ్ణే. బడిలో తమిళం చదివాను. ఐటిఐ ముగించి, ధర్మపురి నుంచి పాపారపట్టి పోయే దారిలో ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలో వైర్‌మన్‌గా చేరాను. మిగిలిన చదువంతా ధర్మపురి లైబ్రరీ పెట్టిన భిక్ష. తెలుగు అక్షరాలు కూడా అక్కడే, అడుగు అరలో ఎవరూ ముట్టని ఒక పిల్లల వాచకం ముందు పెట్టుకుని నేర్చుకున్నాను. కాలేజీకి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో, నెట్‌వర్కుల గురించి ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం కంటబడింది. పక్కన నిఘంటువు పెట్టుకుని, సెలవు దొరికిన ప్రతిరోజూ వెళ్లి, రెండేళ్లు చదివాను. నోట్సు రాసిన పుస్తకాలు పదకొండు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. ఆ చదువు చూసే నన్ను ల్యాబు టెక్నీషియన్‌ను చేశారు. మా స్టోర్‌కీపర్ మాత్రం నా పేరు తీసేసి 'లైబ్రరీ' అని పెట్టాడు. "ఏమప్పా లైబ్రరీ, ఈ ఫ్యాను తిరగలేదు, దీనికి ఏ పేజీలో ఉండాది మందు?" అనేవాడు.

ఆ పుస్తకంలో ఒక్కో పొరకు ఒక్కో భాగం ఉంటుంది, అడుగు నుంచి పైకి. అట్టడుగు పొర భాగాన్ని నేను చదవలేదు. అందులో వైర్లు, గాలిలో పోయే తరంగాలు, వాటి లెక్కలు. చేత్తో వైరు లాగేవాడికి వైరు గురించి పుస్తకం చెప్పేదేముందిలే అని దాటేసి, రెండో పొర దగ్గర మొదలుపెట్టాను. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఇక్కడ పొరల సంగతి రెండు మాటలు చెప్పాలి. మామిడికాయలు పంపే రైతును తలుచుకోండి. ఆయన పని కాయలు పెట్టెలో సర్ది పైన చిరునామా రాయడం. లారీవాడు పెట్టె మోస్తాడు, లోపల ఏముందో అతనికి అక్కర్లేదు. రోడ్డు లారీని మోస్తుంది, లారీలో ఏముందో రోడ్డుకు అక్కర్లేదు. ఎవరి పని వాళ్లది. కంప్యూటర్లు పంపే సమాచారపు ముక్క, ప్యాకెట్, ఆ పెట్టె లాంటిదే. ఇంటర్నెట్టు ఇంత పెద్దగా పెరిగింది ఈ ఏర్పాటు వల్లనే. చిక్కేమిటంటే, అవతల మండీకి పది పెట్టెలకు ఎనిమిదే చేరితే, ఇక్కడి రైతు 'రోడ్డు మీద రద్దీ ఎక్కువైంది' అనుకుంటాడు. పెట్టెలు నిదానంగా పంపడం మొదలుపెడతాడు. నిజానికి రోడ్డు ఖాళీగా ఉండి, గుంతలో పడి రెండు పెట్టెలు జారిపోయి ఉండొచ్చు. అప్పుడు నిదానించడం తప్పు. పోయినవాటిని మళ్లీ పంపి, అదే వేగంతో సాగాలి. కానీ గుంత సంగతి కింద ఉన్న లారీవాడికి తెలుసు, పైన ఉన్న రైతుకు తెలియదు.

కింద ఏం జరిగిందో కింది పొర పైపొరకు చెప్పే పద్ధతి ఒకటి కావాలి. మా కాలేజీలో ఒక పరిశోధకురాలు ఆరేళ్లుగా చేస్తున్న పని అదే.

ఆమెది మహేంద్రమంగళం, రైతుల ఇల్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నాకంటే పాతికేళ్లు చిన్నదైనా నేను మేడం అనేవాణ్ణి, తను అన్నా అనేది. "నువ్వు మేడం అంటే నేను నిన్ను అయ్యా అంటాను చూడు" అని బెదిరించేది. గడువు అప్పటికే ఒకసారి పొడిగించారు. ఆ డిసెంబరులోగా థీసిస్ ఇవ్వకపోతే పేరు కొట్టేస్తారు. ఆరేళ్లూ గాలికి పోతాయి. నాకూ అది సర్వీసులో చివరి ఏడాది. థీసిస్ ముందు పేజీలో కృతజ్ఞతల కింద నా పేరు అచ్చు వేయిస్తానని ఆమె గైడు ప్రొఫెసర్ అన్నారు. చదువుకోని నా పేరు చదువుకున్నవాళ్ల పుస్తకంలో. ఆ మాట నేను ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ప్రయోగానికి కాలేజీ మేడ మీద ఒక డిష్, కొండల మధ్య పిక్కిలి అనే ఊళ్లో ఒక రైతు మేడ మీద దానికి ఎదురుగా ఇంకో డిష్ పెట్టాం. రెండింటి మధ్యా వైరు లేదు, గాలే దారి. ఏప్రిల్ నడుమ మొదలయ్యే చిత్తిరై నెలలో పిక్కిలిలో బిగించింది నేనే. పిట్టగోడ పక్కన పొట్టి గొట్టం, దాని మీద డిష్. ఆ ఇల్లు కూడా తెలుగువాళ్లదే. ఇంటి పెద్దావిడ కింద నిలబడి చూసి, బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఏం తమ్ముడా, ఇంత పెద్ద తట్ట మేడ మీద పెట్టినావు. బస్సు దిగినోళ్లంతా దీన్నే చూస్తా ఉండారు. దిష్టి తగిలితే మా ఇంటికి తగులుతుందా, మీ కాలేజీకి తగులుతుందా?"

"ఇనుముకు దిష్టి ఏందక్కా?"

"లారీ ఇనుము కాదా? దానికి నిమ్మకాయ కట్టరా? కాయ కట్టు. లేదంటే నువ్వే పీకి ఎత్తుకోని పో."

మన ఊళ్లలో కొత్త ఇంటికి, కొత్త అంగడికి బూడిద గుమ్మడికాయ కట్టకుండా ఎవరూ ఉండరు. దిష్టికాయ వెనకో పక్కనో కడితే పని చేయదు. చూసేవాళ్ల కన్ను ముందు దాని మీద పడాలి. కాబట్టి ఎదురుగా కట్టాలి. అమావాస్య నాడు ఆమె పసుపు కుంకుమ పెట్టి ఇచ్చిన కాయను నేను ఒక ఇనుప కమ్మీ బిగించి డిష్ ముందు, అంచుకు కొంచెం పక్కగా వేలాడదీశాను. పని చక్కగా కుదిరిందని ఫోటో కూడా తీసుకున్నాను.

జూలై నడుమ మొదలయ్యే ఆడి నెల వచ్చింది. ఆడి గాలికి మసాలా నూరే అమ్మి రాయి కూడా ఎగురుతుందని మన పక్క సామెత. నిజంగానే, గాలి లేచినప్పుడల్లా మా ప్యాకెట్లు పోవడం మొదలైంది. లింకు మీద పాత పద్ధతినీ మేడం పద్ధతినీ మార్చి మార్చి నడిపేవాళ్లం. పాతది రద్దీ అనుకుని చతికిలబడేది. మేడం పద్ధతి నిలబడి నడిచేది. వారాల తరబడి ఒకటే తీరు. గైడు మురిసిపోయారు. గాలికి గొట్టం ఊగి, డిష్ గురి తప్పి, సిగ్నల్ పడుతోందని వివరణ కుదిరింది. కొండ ఊళ్ల లింకులకు గాలి వల్ల నష్టం అని ఒక పెద్ద అధ్యాయమే తయారైంది. మేడం రాత్రింబవళ్లు రాసి, ఒక ప్రతి నాకు ఇచ్చింది. "చదివి చెప్పన్నా, నీకు అర్థమైతే ఎవరికైనా అర్థమవుతుంది" అంది. అది పొగడ్తగానే తీసుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం, డిష్ కనెక్టర్‌లోకి తేమ పోయిందేమో చూద్దామని నేను ఒక్కణ్ణే బస్సెక్కి పిక్కిలి వెళ్లాను. మేడ మీద గాలి నిలబడనివ్వడం లేదు. ఫోన్‌లో సిగ్నల్ అంకె చూస్తూ కూర్చున్నాను. అంకె పడుతుంది, లేస్తుంది. పడుతుంది, లేస్తుంది. గొట్టం మీద చెయ్యి వేశాను. అది కదలడం లేదు. నేను బిగించిన గొట్టం కదలదు కూడా. తల ఎత్తాను. గుమ్మడికాయ ఊగుతోంది. అది డిష్ ముఖం మీదికి వచ్చినప్పుడు అంకె పడుతోంది. పక్కకు పోయినప్పుడు లేస్తోంది.

లేచి కాయను రెండు చేతులతో పట్టుకుని ముఖం ముందు ఆపాను. అంకె పడిపోయి అక్కడే ఉండిపోయింది. పక్కకు లాగి పట్టుకున్నాను. గాలి చెవుల్లో హోరుమంటోంది, అంకె మాత్రం రాయిలా నిలబడింది.

మెట్లెక్కి వచ్చిన పెద్దావిడ నన్ను అలా చూసింది. "ఏంది తమ్ముడా, దిష్టికాయను బిడ్డను ఎత్తుకున్నట్ట ఎత్తుకున్నావు?"

అధ్యాయం అంతా గుర్తొచ్చింది. గాలి, గొట్టం, కొండ ఊళ్లు. ఏదీ నిజం కాదు. నేను కట్టిన కాయ. దాన్ని అప్పుడే విప్పేస్తే రేపటి నుంచి నష్టం ఆగిపోతుంది, మేడం ఎందుకని అడుగుతుంది. విప్పకపోతే ఎవరికీ తెలియదు. నేను కాయను మునుపటిలాగే వేలాడనిచ్చి కిందికి దిగాను.

నా ఉద్యోగంలో చేసిన తప్పుల్లో కాయ కట్టడం పెద్దది కాదు. అది తెలియక చేశాను. చూసి, వదిలేసి దిగడం తెలిసి చేశాను.

నాలుగు రోజులు ల్యాబులో తల వంచుకుని తిరిగాను. నాలుగో రోజు సాయంత్రం లైబ్రరీకి వెళ్లి, అదే లావు పుస్తకం తీసి, ముప్పై ఏళ్ల కిందట దాటేసిన భాగం తెరిచాను. లైబ్రరీ మూసేదాకా చదివాను. రెండు డిష్‌ల మధ్య ఉండేది దారం లాంటి గీత కాదట, నడుమ లావెక్కిన దోసకాయ ఆకారమట. దానిలోకి ఏదీ రాకూడదట. అన్నిటికంటే నీరు ఆ తరంగాలను బాగా మింగేస్తుందట. బూడిద గుమ్మడికాయలో నీరు తప్ప ఏముంది? మొదటి రోజే చదివి ఉంటే కమ్మీ బిగించే ముందే చెయ్యి ఆగేది.

మర్నాడు పొద్దున్నే మేడం ముందు నిలబడి అంతా చెప్పాను, కాయ ఫోటోతో సహా. ఆమె ఫోటోను చాలాసేపు చూసింది.

"ఎప్పుడు కట్టినావన్నా?"

"చిత్తిరై అమావాస్య."

"అంటే మొదటి రోజు నుంచే." కుర్చీలో వెనక్కి వాలింది. "నీకెప్పుడు తెలిసింది?"

"నాలుగు రోజులాయె."

అప్పుడు కోపం వచ్చింది ఆమెకు. "కాయ కట్టినందుకు ఏమీ అనను. మా ఇంట్లో అయితే మా అమ్మ రెండు కట్టి ఉంటుంది. నాలుగు రోజులు యాల చెప్పలేదు? నా థీసిస్ అంతా ఒక్క మాటే కదా అన్నా. కింద ఏం జరిగిందో కింద ఉండేవాడు పైకి చెప్పల్ల. నువ్వే చెప్పకపోతే ఇంక ఎవరు చెబుతారు?"

గైడుకు కూడా నేనే చెబుతానన్నాను.

ఇద్దరం గైడు దగ్గరికి వెళ్లాం. ఆయన తమిళుడు, మంచివాడే, ఆమె గడువు గురించి ఆమెకంటే ఎక్కువ భయపడేవాడు. "గుమ్మడికాయైతే ఏమి, చెట్టుకొమ్మైతే ఏమి? నష్టం నష్టమే. నీ పద్ధతి తట్టుకుంది. 'అడ్డంకి' అని ఒక మాట రాసి ముందుకు పో. మళ్లీ మొదలుపెడితే డిసెంబరు దాటుతుంది" అన్నారు.

మేడం తల అడ్డంగా ఊపింది. "సార్, గాలి వల్ల అని రాసినాము. రేపు ఏ కొండ ఊరోళ్లో దీన్ని చదివి గొట్టాలు లావుగా పెట్టుకుంటారు. కాయ మాత్రం అట్లే వేలాడతా ఉంటుంది."

ముందు కాయ విప్పి, ఆడి గాలి ఉండగానే చూశాం. వారం రోజులు గాలి వీచింది, ప్యాకెట్లు ఒక్కటీ తగ్గకుండా చేరాయి. రెండు పద్ధతులూ సమానంగా నడిచాయి. గాలి అధ్యాయం పోయింది. నలభై పేజీలు. ఆమె ఆ కాగితాలను చింపలేదు, ఏడవలేదు. తిరగేసి, వెనక తెల్ల వైపున కొత్త ప్రయోగం గీయడం మొదలుపెట్టింది.

కొత్త ప్రయోగం ఇది. ఒక రోజంతా, అరగంటకొకసారి, నేను పిక్కిలి మేడ మీద గుమ్మడికాయను డిష్ ముందు కట్టాలి, లేదా విప్పాలి, నా ఇష్టం వచ్చినట్టు. కాలేజీలో స్టోర్‌కీపర్ తనకిష్టమైనప్పుడు పెద్ద ఫైళ్లు పంపి నిజమైన రద్దీ పుట్టించాలి. మేము ఎప్పుడు ఏం చేశామో ఆమెకు చెప్పకూడదు, మా నోటు పుస్తకాల్లో రాసుకోవాలి. ఆమె ప్రోగ్రాము ప్రతి నష్టానికీ తనంతట తాను కారణం చెప్పాలి, 'రద్దీ' అనో 'అడ్డం' అనో. సాయంత్రం మా రెండు పుస్తకాలూ, ప్రోగ్రాము జాబితా, మూడూ పక్కపక్కన పెడతాం. కుదిరితే థీసిస్ ఉంటుంది. కుదరకపోతే ఆమె మహేంద్రమంగళం బస్సు ఎక్కుతుంది.

పెద్దావిడకు విషయం చెబితే ఒప్పుకోలేదు. "పసుపు పెట్టిన కాయను అరగంటకొకసారి దించి ఎత్తుతారా? అది ఆటబొమ్మా?" చివరికి దిష్టికాయను వీధి గుమ్మానికి మార్చుకుంది. ప్రయోగానికి తన దొడ్డిలోనిదే వేరే కాయ కోసి ఇచ్చింది. "దీనికి కుంకుమ పెట్టలేదు. దీన్ని ఏమన్నా చేసుకోండి. సాయంత్రం కూటు కూరకు మాత్రం తిరిగి ఇయ్యల్ల."

ఆ రోజు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా నేను మేడ దిగలేదు. గడియారం, నోటు పుస్తకం, కాయ. కట్టాను, రాశాను. విప్పాను, రాశాను. వేళ్లు పురికొసకు కోసుకుపోయాయి. ఒక్క గీతా తప్పకూడదని పట్టుదల. మధ్యాహ్నం పెద్దావిడ రాగి సంగటి, మునగాకు తెచ్చి దగ్గర నిలబడి తినిపించింది. మేడ దిగి నాలుగున్నర బస్సెక్కి, ఆరింటికి ల్యాబులో ఉన్నాను.

మేడం తెరమీద తన జాబితా పెట్టుకుంది. స్టోర్‌కీపర్ తన పుస్తకం పట్టుకున్నాడు, ఆ రోజు అప్పటిదాకా అతను కూడా నన్ను లైబ్రరీ అనలేదు. గైడు చేతులు కట్టుకుని వెనక నిలబడ్డారు. ఒక్కో గీత చదివాం, మేడం అడగడం, మేము చెప్పడం.

"ఎనిమిదిన్నర?" "కట్టినాను." "అడ్డం. సరి."

"తొమ్మిది?" "విప్పినాను." "పదినిమిషాలు ఫైళ్లు పంపినాను" అన్నాడు స్టోర్‌కీపర్. "రద్దీ. సరి."

అలా మధ్యాహ్నం దాకా అన్నీ కుదిరాయి. గైడు కట్టిన చేతులు విప్పారు.

"ఒంటిగంట?" అంది మేడం.

"విప్పినాను."

"రద్దీ?"

"నేను ఏమీ పంపలేదు" అన్నాడు స్టోర్‌కీపర్.

మేడం తెర వైపే చూస్తోంది. "అడ్డం అని చెబుతా ఉండాది. పావుగంట సేపు. మళ్లీ ఒంటిగంట ఇరవైకి ఇంకోసారి, రెండు నిమిషాలు." "కాయ లేకుండానే అడ్డం అంటా ఉండాదంటే, నా ప్రోగ్రాము అబద్ధం చెబుతా ఉండాది."

గైడు నా వైపు తిరిగారు. "కాయ మరిచిపోయి అలాగే ఉంచేశావా?"

"లేదు సార్. విప్పి కింద పెట్టినాను. నేను దాని పక్కనే..."

అక్కడ ఆగిపోయాను. దాని పక్కనే కూర్చుని తిన్నాను. ఎండ మండుతోంది. మేడ మీద నీడంటే డిష్ నీడ ఒక్కటే. స్టూలు వేసుకుని, డిష్‌కు వీపు ఆనించి, హాయిగా ఆ నీడలో కూర్చున్నాను, సరిగ్గా దాని ముఖం ముందు. పావుగంట. తర్వాత నేను పక్కకు జరిగాను, పెద్దావిడ ఇంకో ముద్ద వెయ్యడానికి వచ్చి డిష్ ముందు నిలబడింది. అది రెండు నిమిషాలు. చదివిన అధ్యాయం తలలోనే ఉంది, వీపు దాకా దిగలేదు.

చెప్పాను. స్టోర్‌కీపర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "లైబ్రరీలో కూడా నీళ్లే ఉండాయప్పా, గుమ్మడికాయ మాదిరి!"

మేడం నవ్వలేదు. పెన్ను నా వైపు జరిపింది. "రాయన్నా. పుస్తకంలో ఎట్ల జరిగిందో అట్ల."

ఒంటిగంట గీతకు ఎదురుగా రాశాను: 'అడ్డం: నేను.' దాని కిందే ఒంటిగంట ఇరవై అని కొత్త గీత రాసి, ఎదురుగా: 'అడ్డం: అక్క, సంగటి గిన్నె.'

మిగిలిన సాయంత్రమంతా కుదిరింది. థీసిస్ డిసెంబరులో, గడువుకు తొమ్మిది రోజుల ముందు ఇచ్చింది.

మౌఖిక పరీక్ష రోజు నేను హాల్లో చివరి వరుసలో కూర్చున్నాను. అప్పటికి రిటైరయ్యాను. బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దాయన, గంటన్నర సేపు ఆమెను ఊపిరాడనివ్వలేదు. చివరికి అనుబంధంలో పెట్టిన నా నోటు పుస్తకం పేజీ మీద వేలు పెట్టాడు. పక్కనే దాని ఇంగ్లీషు అనువాదం ఉంది.

"ఇక్కడ అడ్డం అని రాసి 'నేను' అని ఉంది. ఎవరు ఈ నేను?"

మేడం వెనక్కి తిరిగి చూసింది. నేను లేచి నిలబడ్డాను.

"ఈ రెండు గీతలు తీసేసి ఉంటే పట్టిక శుభ్రంగా ఉండేది కదా. ఎవరికీ తెలిసేది కాదు" అన్నాడాయన.

"ప్రోగ్రాముకు తెలిసింది సార్" అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని, ఆ పేజీ మూలన చిన్నగా ఒక టిక్కు పెట్టి, పుస్తకం మూసి, మేడం వైపు చెయ్యి చాపాడు.